కొట్టెయ్యని వాక్యం

నిజం రాసేవాళ్ళకు అత్తగారంత పనికిమాలిన సాక్షి ఇంకొకరు ఉండరని విశాలి అభిప్రాయం.

మాగాయలో ఆవపిండి ఎంత వెయ్యాలని అడిగితే శ్యామలాంబ గంటసేపు చెబుతుంది. మధ్యలో ఎవరి పెళ్ళిలో ఏ కూర మాడిందో కూడా చెబుతుంది.

తుపాను గురించి అడిగితే మాత్రం రెండే ముక్కలు.

"ఎవరూ రాలేదు."

ఏడేళ్ళ కిందటి తుపాను అది. కొడుకు మోహనకృష్ణా విశాలీ శృంగవరపుకోటలో పెళ్ళికి వెళ్ళి చిక్కుకుపోయారు. కోటబొమ్మాళి పొలిమేరలో, గెడ్డ అనే వాగు పక్కన ఉన్న ఇంట్లో శ్యామలాంబ మూడు రోజులు ఒక్కతే ఉంది.

ఆ రెండు ముక్కల్నీ విశాలి ఎనిమిది పేజీలు చేసింది. ఎచ్చెర్లలో రచనా శిబిరానికి వెళ్ళొచ్చింది మరి. ఉన్నది ఉన్నట్టు రాయాలి, కథలా చదివించాలి అని అక్కడ చెప్పారు. రెండోది ఆవిడకు బాగా ఒంటపట్టింది.

ఆరిపోయిన పొయ్యి. చూరు కింద చెంబు పెట్టి వాననీళ్ళు పట్టుకుంటున్న ముసలావిడ. చివర్లో ఒంటరిగా ఒక్క వాక్యం: ఎవరూ రాలేదు.

వారపత్రికలో బహుమతి వచ్చింది. ఇప్పుడు పుస్తకంలో వేస్తున్నారు. సాయంత్రంలోగా ప్రూఫులు దిద్ది పంపాలి.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది.

బక్కపలచటి ముసలాయన. చంకలో ఆ వారపత్రిక.

"ఈ తుపాను కత రాసినమ్మ మీరేనా? నా పేరు అప్పలసూరండి. గెడ్డ అవతల ఊరు."

అభిమాని కాబోలనుకుని విశాలి కొంగు సర్దుకుంది.

"ఇందల ఆకరి ముక్క కొట్టీయాలమ్మా."

"ఏ ముక్క?"

"ఎవులూ రానేదన్న ముక్క."

"బహుమతి వచ్చిందే ఆ ముక్కకి. ఎందుకు కొట్టెయ్యాలి?"

"అది నిజం కాదు."

"మా ఇంట్లో ఏం జరిగిందో మీరు చెబుతారా నాకు?"

"మీరు సూసినారేటి?"

విశాలికి ఒళ్ళు మండింది. "మా అత్తగారు చూశారు. ఆవిడే చెప్పారు."

"మూడు రోజులు ఆయమ్మ ఏటి తాగి బతికిందో అడిగినారా?"

"రాశాను కదా! చూరు కింద చెంబు పెట్టి..."

"సూరేదమ్మా? పెంకులన్నీ మొదటి రోజే ఎగిరిపోనేదా?"

చెంబు విశాలి కల్పించినదే. అందుకే కోపం ఇంకాస్త ఎక్కువ వచ్చింది.

"ఇంతకీ మీకేం కావాలి? పుస్తకంలో మీ పేరు వెయ్యాలా?"

"పేరొద్దు తల్లీ. మా ఊళ్ళో ఒక ఆడమనిసి ఆ తుపానుల పోయినాది. ఎవుల తోటకాడో సవం దొరికినాది. కొబ్బరికాయల దొంగతనానికెల్లి సచ్చిందంటన్నారు. ఇటేపు ఎవులూ రానేదని మీరు రాసింది సూపించి మరీ అంటన్నారు."

"ఆ కాయల దొంగకీ నా రచనకీ ఏమిటి సంబంధం?"

ముసలాయన దవడ బిగుసుకుంది.

"దొంగనకండి."

"అయితే ఎందుకెళ్ళిందో మీరే చెప్పండి."

"నాను సెప్పకూడదు. మాటిచ్చినాం. మీ అత్తగోరిని ఒక్కపాలి పిలండి, ఆయమ్మే సెప్తాది."

"ఆవిడ మడిలో ఉన్నారు. బయటికి రారు."

"ఆయమ్మ వచ్చీదాకా ఇక్కడే నిలబడతాను."

"నిలబడొద్దు. నాకు పనుంది."

గొళ్ళెం వేసిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

"రాసీముందు ఒక్కమాట అడగాల కదమ్మా!" అని గేటవతల నుంచి ఒక కేక. తర్వాత అదీ లేదు.

విశాలి ప్రూఫుల్లో ఒక కామా మార్చింది. వాక్యం జోలికి పోలేదు.

నెల తిరగ్గానే పుస్తకం వచ్చింది. పత్రికలో పడ్డప్పుడు ఎంత చెప్పినా శ్యామలాంబ వినలేదు. తలనొప్పి అంది. ఈసారి మోహనకృష్ణ బతిమాలి కూర్చోబెడితే, విశాలి మొదటి నుంచి చదివి వినిపించింది.

చివరి వాక్యం దగ్గర ముసలావిడ కళ్ళు మూసుకుంది.

"బాగాలేదా అత్తయ్యా?"

"చదివావుగా, చాలు. మూసెయ్."

"దీన్నే కొట్టెయ్యమని ఒకాయన గేటు దగ్గరికొచ్చి పేచీ పెట్టాడు. అప్పలసూరట. గట్టిగా నాలుగు మాటలని పంపాను."

శ్యామలాంబ కళ్ళు తెరిచింది.

"ఎప్పుడు?"

"పోయిన నెల. మిట్టమధ్యాహ్నం."

"మంచినీళ్ళేనా ఇచ్చావుటే?"

"అడగలేదుగా."

"ఏమన్నాడు?"

"ఏదో మాటిచ్చారట, చెప్పకూడదట. ఎవరికిచ్చారో మరి!"

మోహనకృష్ణ ఫోను పక్కన పెట్టాడు. శ్యామలాంబ కోడలి చేతిలోంచి పుస్తకం లాక్కుని మూసేసింది.

"నాకే. అసిరమ్మ అని... ఒకప్పుడు మన కళ్ళంలో పనికొచ్చేది. తుపానులో రోజూ గెడ్డ దాటి బిందెడు నీళ్ళు తెచ్చింది. గిన్నెతో అంబలి తెచ్చింది. తాగాను."

"మరి ఎవరూ రాలేదన్నారు?"

"దాని చేతి అంబలి తాగానని తెలిస్తే మనవాళ్ళలో తలెత్తుకోలేననుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. దాని మొగుడిచేతా ఒట్టు వేయించమని దానికే చెప్పానే."

"ఆ అసిరమ్మ ఇప్పుడెక్కడుంది?"

"మూడోనాడు నాకు అంబలి పోసి, తిరిగి వెళుతూ గెడ్డలో కొట్టుకుపోయింది. దొంగ అన్నారని నాకూ తెలుసు, నోరు విప్పలేదు. అప్పలసూరి దాని మొగుడే. పెళ్ళాన్ని ఊరంతా దొంగంటున్నా నా పరువు కోసం ఏడేళ్ళూ పెదవి కదపలేదు... తప్పు నాదేనే, విశాలీ."