ఫ్యాక్టరీలో బందీ

తలుపు మీద మళ్ళీ పిడిగుద్దు పడింది. గోడకున్న క్యాలెండరు ఊగిపోయింది.

"బయటికి లాగండి ఆవిణ్ణి! మొహం చూసి అడుగుదాం!"

ఆ గొంతు ఫౌస్టోది. తోలు కోసే సెక్షన్లో పనివాడు. అతణ్ణి ఇంటర్వ్యూ చేసి ఉద్యోగంలో పెట్టుకున్నది లోపల కూర్చున్న ఒటీలియానే. ఆ బూట్ల ఫ్యాక్టరీకి ఆమె హెచ్‌ఆర్ మేనేజరు.

ఉత్తర పోర్చుగల్ కొండల మధ్య చిన్న ఊరది. సగం ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ ఫ్యాక్టరీ వల్లే. పొద్దున్నించీ ఆమె గది ముందు వరండా అంతా పనివాళ్ళతో కిక్కిరిసి ఉంది. కింద గేటు దగ్గర లారీలు వరసగా ఆగి ఉన్నాయి, కుట్టు మెషీన్లు ఎత్తుకుపోవడానికి. ఒక్క మెషీను కదిలినా మేడం సంగతి మాకు తెలీదని పనివాళ్ళు తెగేసి చెప్పారు. గేటు దగ్గర పోలీసులు కూడా అలాగే నిలబడిపోయారు.

"తలుపు ముట్టుకోవద్దన్నానా లేదా!" బయట జెనొవేవా కసిరింది. కుట్టు సెక్షన్లో పెద్దది, యూనియన్ నాయకురాలు. ఆమె మాటకి ఎదురు చెప్పినవాడు ఆ ఊళ్ళో లేడు. "తాళాలు నా దగ్గరున్నాయి. ఎప్పుడు తియ్యాలో నాకు తెలుసు. కూర్చోరా!"

ఫోన్ మోగింది. ఒటీలియా స్పీకరు నొక్కింది. పరాయి దేశంలో హెడ్ఆఫీసు నుంచి యజమాని, పేరు క్లాస్.

"ఏంటీ గోల? చడీచప్పుడు లేకుండా ముగించమన్నాను కదా! లారీలు వస్తున్నట్టు వీళ్ళకెలా తెలిసింది?"

"ఏమో సార్..." అంది ఒటీలియా. "లారీలు ఖాళీగా వెనక్కి వెళ్తేగానీ ఈ తలుపు తెరుచుకోదు."

"పోలీసుల్ని పైకి పంపుతాను. బద్దలు కొట్టి నిన్ను తీసుకొస్తారు."

"వద్దు సార్!" ఒటీలియా దాదాపు అరిచింది. "వాళ్ళు మెట్లెక్కితే ఇక్కడేం జరుగుతుందో చెప్పలేను. ప్లీజ్, వద్దు!"

అటువైపు విసుగ్గా ఊపిరి వదిలిన చప్పుడు. "ఆలోచించి చెప్తాను. లైన్లోనే ఉండు."

ఆమె కళ్ళు మూసుకుంది. మనుషుల్ని పనిలో చేర్చుకోవచ్చన్న ఆశతో ఈ వృత్తిలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో చేతికి బాగా అలవాటైంది మాత్రం పంపించెయ్యడం. మెత్తగా మాట్లాడటం, మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరపడం, సంతకం పెట్టించుకోవడం. ఆ నేర్పు చూసే క్లాస్ ఆమెకి హెడ్ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఇస్తానన్నాడు, ఈ ఒక్క ఫ్యాక్టరీ మూసేశాక. ఆ కుర్చీ కోసమే ఆమె పెళ్ళి వాయిదా వేసుకుంది. ఆ పెళ్ళి మరి జరగనే లేదు.

జీతాల చీటీలు అందించే చిన్న కిటికీ మీద ఎవరో తట్టారు. ఆమె రెక్క జరిపింది. జెనొవేవా మొహం కనిపించింది, ఆమె చేతిలో వేడివేడి కాబేజీ సూపు, మొక్కజొన్న రొట్టె ముక్క.

"తినండి మహారాణీ! మీరు పస్తుండి పోయారంటే ఆ పాపం మా నెత్తిన పడుతుంది."

వెనక నుంచి నవ్వులు. "ఉప్పెక్కువ వెయ్యాల్సింది!" అన్నారెవరో.

ఒటీలియా గిన్నె అందుకుంది. తినకుండా బల్ల మీద పెట్టేసింది.

అంతలో బయట కలకలం. "సుత్తి తెచ్చాడు! పట్టుకోండి!"

ధన్‌మని తలుపు అదిరింది. చెక్క మీద చిన్న చీలిక. ఒటీలియా గోడకి అతుక్కుపోయింది. ఇంకో దెబ్బ. చీలిక పెద్దదైంది.

"మా అమ్మ ఇక్కడే కుట్టింది, మా ఆవిడ ఇక్కడే కుడుతోంది!" ఫౌస్టో ఏడుస్తూ అరుస్తున్నాడు. "రేపు మేమెక్కడికి పోవాలో ఆవిణ్ణే చెప్పమను!"

"ముందు నన్ను కొట్టు, ఆ తర్వాత తలుపు కొట్టు," అంది జెనొవేవా.

సుత్తి నేల మీద పడిన చప్పుడు.

అప్పుడు ఫోన్‌లోంచి క్లాస్ గొంతు వచ్చింది. ఈసారి అందులో అధికారం లేదు. "విన్నాను. సరే. లారీలు వెళ్ళిపోతాయి. కొనేవాళ్ళు దొరికేదాకా ఫ్యాక్టరీ నడుస్తుంది."

"రాసి పంపండి సార్. మాట మీద వీళ్ళు నమ్మరు."

కాసేపటికి కంప్యూటర్లో ఉత్తరం వచ్చింది. ఒటీలియా కిటికీ దగ్గర నిలబడి బిగ్గరగా చదివింది. ఆఖరి మాట పూర్తికాకముందే వరండా ఈలలతో మారుమోగింది. లారీలు పోవడం కళ్ళారా చూడాలని అందరూ మెట్ల మీదుగా కిందికి పరిగెత్తారు.

"ఒటీలియా," క్లాస్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "పనివాళ్ళ చేతికి చిక్కే మేనేజరు నాకు అక్కర్లేదు. హెడ్ఆఫీసు సంగతి మర్చిపో. ఇక్కడ కూడా ఈ నెలాఖరు వరకే."

"అలాగే సార్."

ఫోన్ పెట్టేసింది. కింద ఇంజన్ల రొద దూరమైంది. వరండాలో ఒక్కరి అడుగుల చప్పుడే దగ్గరికొచ్చింది. ఎవరో చీలిన చెక్క మీద వేలితో సున్నితంగా తట్టారు.

"లారీలు వెళ్ళిపోయాయి తల్లీ," బయట జెనొవేవా గొంతు తగ్గించి అంది, "ఇక పొద్దున నువ్వు లోపల వేసుకున్న గడియ తియ్యి."