నా చేతుల మీదుగా

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక పలక పట్టిన చెయ్యి ఇది. ఒత్తులు ఇంకా సరిగ్గా కుదరవు. ఈ ఒక్క పేజీకి నాలుగు రోజులు పట్టింది. జీవితంలో ఏదైనా ఒక రోజు గురించి రాయమంది మా టీచరమ్మ. నేను లాప్‌టాప్ తుడిచిన రోజు గురించి రాస్తున్నాను.

అది మా ఆయన అంకమ్మరావు గారిది. విజయవాడ వన్ టౌన్‌లో మాకు చీరల గోడౌన్ ఉండేది. అక్కడి కెమెరాల్లో పడిందంతా ఇంట్లో ఈ లాప్‌టాప్‌లో కనపడేది. ఆడవాళ్ల పేరున ఉంటే కలిసొస్తుందని గోడౌన్ నా పేర పెట్టారాయన. కాగితాల మీద వేలిముద్ర వేయడం తప్ప దాని సంగతి నాకేం తెలియదు. ఆయన పోయాక వ్యాపారమంతా మా మరిది ఉమామహేశ్ చూసుకున్నాడు.

మరుసటి వేసవిలో గోడౌన్ తగలబడింది. మూటలు కట్టే ఆదెమ్మ లోపలే చనిపోయింది. రోజూ కెమెరా వైపు చూసి, అన్నం తిన్నారా అని నాకు చేత్తో సైగ చేసే మనిషి. షట్టరుకు బయట తాళం వేసి ఉందన్నారు. ఎవరు వేశారో తేలలేదు. ఆ తర్వాత నేను లాప్‌టాప్ తెరవలేదు. ఇంట్లో ఉంచుకోబుద్ధి కూడా కాలేదు.

వారానికి మా వీధిలోకి ఉల్లిపాయల బండి వచ్చింది. పాత సామాను వేస్తే ఉల్లిపాయలు తూచి ఇస్తారు. లాప్‌టాప్ పట్టుకుని గుమ్మం దిగాను. ఎదురుగా ఉమామహేశ్, మా తోడికోడలు మాధురి.

“ఏంటొదినా, లాప్‌టాప్ పెట్టి ఉల్లిపాయలు కొంటున్నారా? ఇవాళ పులుసు ఘనంగా ఉంటది!” అంటూ నా చేతిలోంచి తీసుకున్నాడు. “దీన్లో మీ ఆధార్, బ్యాంకు కాగితాలు అన్నీ ఉన్నయ్. ఎవడి చేతిలో పడితే వాడు వాడేసుకుంటాడు.”

“అయితే చెరిపేసి ఇవ్వరాదా?”

“ఉత్తినే చెరిపితే పోదొదినా. గోడమీద రాత లాంటిది. మూడు పూతలు సున్నం కొడితేగానీ మాయం కాదు.”

“కెమెరా బొమ్మలు పోలీసులకు పనికొస్తాయేమో అబ్బాయ్?”

“అవి ఎప్పుడో ఇచ్చేశాగా.”

నాకు మిగిలిన బెంగ ఒకటే. మంగళగిరి నేతవాళ్లకు రంగులు చెబుతూ మా ఆయన రికార్డు చేసిన మాటలు అందులో ఉన్నాయి. ఆయన గొంతు నాకు ఇంకెక్కడా లేదు.

“అన్నయ్య గొంతు పోనిస్తానా?” అన్నాడు. నా చేత లాప్‌టాప్ తెరిపించి, ఏదో నొక్కి, చిన్న పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టాడు. కొంగున ముడేసుకున్నాను.

నాకు పాస్‌వర్డు కొట్టడం రాదని, లాప్‌టాప్ తెరవడానికి మా ఆయన నా బొటనవేలే పెట్టించారు. చెరపడానికీ అదే వేలు కావాలన్నాడు, ఆనించాను. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

“ఇక్కడ నొక్కాలి. మీ చేతుల మీదుగా కానీయండొదినా.”

నా కళ్లు చెమర్చాయి. ఆయన పోయాక ఆ మాట ఎవరూ అనలేదు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు కూడా నన్ను వెనక్కి ఉండమన్నారు.

“అక్కయ్యా, ఇటు చూడండి. కొంచెం నవ్వండి. గుర్తుగా ఉంటది,” అంటూ మాధురి ఫోన్‌లో వీడియో తీసింది.

నవ్వాను. నొక్కాను.

ఆ మూడు పూతలూ పడేసరికి సాయంత్రమైంది. ఇద్దరికీ కాఫీ ఇచ్చాను. ఉమామహేశ్ లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ నా కాళ్లకు దండం పెట్టాడు.

నెల తిరగ్గానే ఆయన గొంతు వినాలనిపించింది. పక్కింటి శివపార్వతి పెన్‌డ్రైవ్‌ను తన కంప్యూటర్‌కు పెట్టి చూసింది. “ఖాళీ పిన్నిగారూ, ఏం లేదు దీన్లో,” అంది.

ఉమామహేశ్‌కి ఫోన్ చేశాను. “అయ్యో, కాపీ అయ్యుండదొదినా. పాత సరుకు కదా,” అన్నాడు.

అదీ నమ్మాను.

చివర పేరు, వయసు, ఇప్పుడు ఉంటున్న చోటు రాయాలట.

చౌడేశ్వరమ్మ, అరవై మూడేళ్లు. మాధురి తీసిన వీడియో కోర్టులో చూపించిన రోజు నుంచి, మహిళా జైలు, రెండో బ్యారక్.