మంచిగున్న బిడ్డా

ఆదిలాబాద్ మీద విషపు పొగమంచు దిగి ముప్పై రోజులైంది. అపార్ట్‌మెంట్‌లో ఎవరూ తలుపు తీయడం లేదు. ఒంటరిగా ఉండే నర్సు సువర్ణ రోజూ పొద్దున్నే పక్కింటి రాజవ్వకు ఫోన్ చేసేది.

“మంచిగున్న బిడ్డా,” అనేది రాజవ్వ.

ఒకరోజు గోడ అవతల మూలుగు వినిపించింది. సువర్ణ కంగారుగా ఫోన్ చేసింది.

“మంచిగున్న బిడ్డా.”

గోడ అవతల మూలుగు ఆగలేదు. ఇన్నాళ్లూ బదులిస్తున్నది రాజవ్వ కాదు, ఆమె గొంతు నేర్చుకున్న ఫోన్ అని సువర్ణకు అప్పుడు అర్థమైంది.

మాస్క్ కట్టుకుని వరండాలోకి వచ్చి ఇంటింటి తలుపూ బాదింది. పై అంతస్తులో ఉండే వడ్రంగి సదానందం వచ్చి రాజవ్వ ఇంటి తాళం పగలగొట్టాడు. రాజవ్వ వంటింట్లో పడి ఉంది. గాలి శుభ్రం చేసే మిషన్ ఆగిపోయింది. ఆమెలో ఊపిరి మాత్రం ఉంది.

“ఇంకెందరు ఇట్ల పడున్నరో అక్కా,” అన్నాడు సదానందం.

ఇద్దరూ ఒక్కో ఇంటి తలుపూ తెరిపించుకుంటూ వెళ్లారు. సాయంత్రానికి సువర్ణ గదిలో పదకొండు మంది చేరారు. రెండిళ్లలో మాత్రం ప్రాణంతో ఎవరూ దొరకలేదు.

“ఈ గాలి ముగ్గురికే సరిపోతుంది. దయచేసి మీ ఇళ్లకు వెళ్లండి,” అని పలికింది ఆ గదిలోని గాలి మిషన్.

ఎవరూ ఇంటికి పోలేదు. సదానందం లేచాడు.

“మా ఇంట్ల మిషన్ పట్కొస్త.”

పొగమంచు నిండిన వరండాలో దారి తప్పకుండా, తమ మిషన్లూ తెద్దామని మరో ముగ్గురు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అతని వెంట నడిచారు.