రెండంగుళాలు

"ఏటి భయ్యా, బుర్ర గానీ తిరిగిందా? వానాకాలం వస్తే అందరూ బండి పైకి లేపమంటారు. నువ్వు దింపమంటావేంటి?" అన్నాడు కన్నారావు పానా ఊపుతూ. ఆస్టినాబాద్‌లో అతని రిపేరు షెడ్డంటే పోర్ట్ బ్లెయిర్ టాక్సీవాళ్ళకి గురి. అతని నోరంటేనే భయం.

"రెండంగుళాలు చాలు భయ్యా. నా బోణీ పోతోంది," బతిమాలాడు జోగులు.

జోగులు హట్ బే నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో టాక్సీ తిప్పడం మొదలుపెట్టి ఆర్నెల్లే. మొదటిరోజు నుంచీ పొద్దున్నే అతని అంబాసిడర్ ఎక్కేది చేపలమ్ముకునే జంగ్లీఘాట్ గవరమ్మ. ఆవిడ ఎక్కితే సాయంత్రం దాకా బండికి తీరికుండదు. ఎక్కని రోజు ఈగలు తోలుకోవడమే. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. కాలు అంతెత్తు లేవడం లేదు. చెయ్యి అందిస్తే కసురుతుంది. "ఒకరు పట్టుకుంటేగానీ ఎక్కలేకపోతే నాకు నీ బండే వద్దు పో" అని నిన్ననే తేల్చి చెప్పేసింది. ఇదంతా ఏకరువు పెట్టాడు జోగులు.

"ముసలావిడ కోసం బండి దింపుతారట్రా ఎవరైనా? గుంటలో పడితే ఇంజిను కింద చాంబరు పగులుద్ది. ఆవిడకి ఎవరూ లేరేంటి?"

"కొడుకున్నాడట. ఈ వయసులో అమ్మకం మానెయ్యమన్నాడని గుమ్మం తొక్కొద్దందట."

"మంచి పని చేసింది," అని కన్నారావు గాలి గొట్టం అందుకున్నాడు.

పని పట్టాడంటే ఇక వదలడు. నాలుగు టైర్లకీ సమంగా గాలి పట్టాడు. బండిని చదునైన గచ్చు మీద నిలిపి, నాలుగుసార్లు నొక్కి వదిలాడు. చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచాడు. ముందు చక్రాల దగ్గర బరువు మోసే టార్షన్ బార్లు సడలించాడు. వెనక కమాను కట్టల్లోంచి ఒక్కో పట్టీ తీశాడు. ఓ బుట్టెడు ఇసక డిక్కీలో పెట్టి మళ్ళీ కొలిచాడు. ఎడంపక్క పావంగుళం తేడా. అంతా మళ్ళీ విప్పాడు.

"పావంగుళానికేంటి భయ్యా, చోడో!"

"బండి ఓ పక్కకి ఒరిగితే ఆవిడ తూలదూ? నోర్ముయ్!"

చివరికి తనే మోకాలు బిగబట్టుకుని వెనక సీట్లోకి పదిసార్లు ఎక్కి దిగాడు. షెడ్డంతా ఒకటే నవ్వు. కన్నారావు మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న జంగ్లీఘాట్‌లో జోగులు చేపల బుట్ట డిక్కీలో పెట్టి, దూరంగా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. గవరమ్మ తలుపు తీసింది. కాలెత్తింది. మొదటిసారికే పాదం లోపల పడింది. దర్జాగా కూచుని సీటు తట్టింది. హమ్మయ్య! జోగులుకి ప్రాణం లేచొచ్చింది.

"ఓరి జోగులూ, నా మోకాళ్ళు బాగయ్యాయా, నీ బండి కుంగిందా?"

"బండే మామ్మా. ఆస్టినాబాద్ కన్నారావు రోజంతా కూచుని రెండంగుళాలు దింపాడు. నువ్వు తూలకూడదని నన్ను తిట్టాడు కూడా."

లంబాలైన్ వచ్చేదాకా జోగులు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. గవరమ్మ తనలో తనే నవ్వుకుంటోంది. దిగి, బుట్ట నెత్తికెత్తుకున్నాక అంది:

"వాళ్ళమ్మ కోపం కూడా రెండంగుళాలు దిగిందనీ, ఆదివారం చేపల పులుసుకి ఇంటికి రమ్మందనీ ఆ మొండి వెధవతో చెప్పు."