తొలి కంప్యూటర్ మీద అక్షింతలు

"రేపు యూనివర్సిటీకి వెళ్తావా, గరాజ్ తాళం ఇచ్చేస్తావా? రెండింట్లో ఏదో ఒకటి తేల్చు" అన్నాడు రామానుజం కొడుకుతో.

బాలమురళి తలెత్తలేదు. బల్ల మీదున్న కంప్యూటర్ పెట్టెకి ఆఖరి మర బిగిస్తున్నాడు. అతని కంపెనీ తయారుచేసిన మొట్టమొదటి కంప్యూటర్ అది. కంపెనీ అంటే పెద్దగా ఏం లేదు. ఆస్ట్రేలియాలో, మాసన్ లేక్స్ అనే పేటలో వాళ్ళ నాన్న ఇంటి గరాజ్, ఒక బల్ల, బోలెడంత మొండితనం.

"యూని మానేస్తున్నా నాన్నా. తాళం మాత్రం ఇవ్వను" అన్నాడు.

ఇలా అంటాడని రామానుజానికి తెలుసు. అందుకే స్నేహితుడు శేషాచలాన్ని ఆ ఆదివారం భోజనానికి పిలిచాడు. మనవాళ్ళ పంచాయితీలు ఎక్కడైనా పప్పు, వడియాలతోనే మొదలవుతాయి. శేషాచలం తన కూతురు గీతికని కూడా వెంటబెట్టుకొచ్చాడు. బుద్ధిమంతురాలిని పక్కన చూస్తే మొండివాడికి సిగ్గేస్తుందని ఆయన ఆశ.

భోజనాలయ్యాక అందరూ గరాజ్‌లోకి వచ్చారు.

"మా గీతిక కూడా నీ క్లాసే కదయ్యా. జ్వరమొచ్చినా మానదు. పరీక్షలు దగ్గర పెట్టుకుని నువ్వేమో ఈ డబ్బాలు బిగిస్తున్నావు. యూని మానేసినవాడికి పిల్లనెవరిస్తారు?" అన్నాడు శేషాచలం.

గీతిక ఆస్ట్రేలియాలోనే పుట్టింది. తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది, చిన్నా పెద్దా ఎవరినైనా పేరుపెట్టి 'నువ్వు' అనే అంటుంది. "ఆర్ యూ సీరియస్, మురళీ? మండే రావా నువ్వు? ఎగ్జామ్స్ ముందు ఎవరైనా ఇలా వెళ్ళిపోతారా?" అంది.

"రాను. ల్యాబ్‌లో ఉన్నవన్నీ జిగురుతో అతికించిన కంప్యూటర్లు. మూత తీస్తే వారంటీ పోతుందట. లోపలేముందో చూడనివ్వని దాని ముందు ఎన్నేళ్ళు కూర్చుంటే ఏం లాభం? నేను చేసేదాన్ని ఎవరైనా విప్పుకోవచ్చు, బాగుచేసుకోవచ్చు."

"ఎవరైనా అంటే?" అన్నాడు రామానుజం.

"అమ్మ కూడా."

రామానుజం పకపకా నవ్వాడు. ఆ నవ్వు బాలమురళికి చురుక్కుమంది.

అప్పుడే అతని తల్లి శారదాంబ పళ్ళెంతో వచ్చింది. కొత్త యంత్రానికి బొట్టు పెట్టకుండా స్విచ్ వేయడం ఆవిడ ఇంట్లో జరగని పని. వాషింగ్ మెషీన్‌కీ పెట్టింది, ఎయిర్ ఫ్రయర్‌కీ పెట్టింది. ఇప్పుడు కంప్యూటర్‌కి కుంకుమ అద్ది, కళ్ళు మూసుకుని, గుప్పెడు అక్షింతలు చల్లింది.

పెట్టె పైన గాలి ఆడటానికి పెద్ద పెద్ద కన్నాలున్నాయి.

"అమ్మా, ఆగు" అనేలోపే సగం అక్షింతలు లోపలికి పోయాయి. బాలమురళి భయపడుతూనే స్విచ్ వేశాడు. లోపల ఫ్యాన్ టకటకా కొట్టుకుని ఆగిపోయింది. తెర ఒకసారి మిణుక్కుమని నల్లబడింది.

"అయిపోయిందా కంపెనీ?" అన్నాడు రామానుజం. "ఇక క్లాసుకి బ్యాగు సర్దుకో."

శారదాంబ మొహం వాడిపోయింది. కొడుకు కొంప తన చేత్తోనే ముంచానని ఆవిడకి ఏడుపు వచ్చినంత పనైంది.

బాలమురళి కరెంటు వైరు పీకి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"విప్పమ్మా."

"నేనా? నాకేం తెలుసు నాన్నా?"

"నువ్వే. నేను ముట్టుకోను. ఆ మరలు చేత్తో తిప్పితే వచ్చేస్తాయి."

వచ్చేశాయి. మూత పక్కన పెట్టి ఆవిడ లోపలికి తొంగిచూసింది. ఫ్యాన్ రెక్క సందున ఇరుక్కున్న బియ్యపు గింజని తలపిన్నుతో లాగింది. మిగతా గింజలన్నీ ఏరింది. పాత టూత్‌బ్రష్ తెప్పించుకుని పసుపంతా దులిపింది. మూత బిగించి తనే స్విచ్ వేసింది.

ఫ్యాన్ తిరిగింది. తెర వెలిగింది.

"ఆ తిరిగేది దేనికమ్మా?" అన్నాడు శేషాచలం, తను వచ్చిన పని మర్చిపోయి.

"లోపల వేడెక్కకుండా అన్నయ్యగారూ" అంది శారదాంబ, పుట్టినప్పట్నుంచీ తెలిసినట్టు.

రామానుజం మాత్రం తగ్గలేదు. "ముందు యూని, తర్వాతే ఇది. పెద్ద కంపెనీలు నిన్ను నలిపేస్తాయిరా. తాళం ఇటివ్వు" అని చెయ్యి చాపాడు.

"నలిపితే నలపనీ నాన్నా. వాళ్ళ జిగురుకి మాత్రం దండం పెట్టను."

బల్ల మీదున్న తాళం శారదాంబ తీసుకుంది. భర్త చేతిలో పెట్టలేదు. తన కొంగున ముడేసుకుంది.

"మీ కారు ఇక రోడ్డు మీద పెట్టుకోండి. ఇక్కడ ఇంకో బల్ల వెయ్యాలి" అంది.

ఆవిడ ఎదురుచెప్పడం రామానుజం ఇంతకుముందు ఎరగడు. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని కారు తాళాల కోసం వెతుక్కున్నాడు.

సోమవారం పొద్దున గీతికతో సహా పిల్లలందరూ వేళకి వచ్చి క్లాసులో బుద్ధిగా కూర్చున్నారు గానీ, వాళ్ళకి పాఠం చెప్పాల్సిన బాలమురళి మాత్రం రాలేదు.