చోరనూరు బస్సు పాఠకులు

తలుపు తీసేసరికి గడప అవతల ఓ ముసలాయన. ఒంటిమీద ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా, చేతిలో సుబ్బరత్నమ్మ రాసిన నలభై ఒకటో పుస్తకం.

“బెల్లం, కరియవ్వల కథలు రాసేది మీరే కదామ్మా?”

సుబ్బరత్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. పంతొమ్మిదేళ్లుగా రాస్తోంది. కర్ణాటకలో బళ్లారి పక్కనున్న ఈ కుడతినిలో ఆమె గడప దాకా ఒక పాఠకుడు రావడం ఇదే మొదలు.

“నేనేనప్పా. రా, కూర్చో. నీ పేరేంది?”

“కోదండరామి. చోరనూరు నించి వస్తాండా. తోరణగల్లు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనమ్మా.”

చోరనూరు అనగానే ఆమె ముఖం ఇంకా విప్పారింది. అభిప్రాయాలన్నీ వచ్చేది ఆ వైపు నుంచే మరి!

బెల్లం, కరియవ్వ రెండు పిల్లులు. ఊళ్లో దొంగతనాలు కనిపెడుతుంటాయి. నెత్తురు చుక్క కనిపించదు. బోరు మోటారు ఎవరెత్తుకుపోయారు, పెళ్లింట్లో పూరీల గంప ఏమైంది, అంతే.

వెనక అట్ట మీద ఆమె ఫోన్ నంబరు వేసినప్పటి నుంచి, చోరనూరు నుంచి ఫ్యాక్టరీ బస్సులో వచ్చిపోయేవాళ్లు వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపుతున్నారు.

“అమ్మా, నేను ఎల్లక్కని. ఫ్యాక్టరీ క్యాంటీన్లో చేస్తా. పూరీలు దాపెట్టింది పెండ్లికొడుకే అని తెలిసేసరికి నగి నగి సస్తిమి!”

“మౌనేశ్‌ని మేడమ్. బెల్లం అటక ఎక్కంగానే మా స్టాపొచ్చె. పొద్దునదాకా నాకు నిద్ర లేదు.”

ఒక్కరూ అక్షరం రాసి పంపరు. బద్ధకం కాబోలు అనుకునేది. ఆ మాటలన్నీ తనే రాసి, తరువాతి పుస్తకం చివరి పేజీల్లో వేయించేది. బళ్లారిలో ప్రెస్సు నడిపే చక్రధర్ ఆ పేజీల మీద నమ్మకంతోనే మళ్లీ మళ్లీ అచ్చు వేస్తున్నాడు.

ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరు. కంచం ముందు పెట్టుకుని ఆ గొంతులు వింటేగానీ ముద్ద దిగదు.

“ఈ పుస్తకం ఎట్లుండాదప్పా?” అని ఆశగా అడిగింది.

కోదండరామి తల గోక్కున్నాడు.

“కథ బాగుండాదమ్మా. వాక్యాలే మరీ పొడుగైపాయ, ఊపిరాడదు. మనుషులు కూడా జాస్తి అయినారు. అచ్చు రోంత పెద్దగా ఏయించండమ్మా. బస్సు ఊగుతాంటే కండ్లకు ఆనడంలే.”

పుస్తకం తెరిచి చూపించాడు.

పేజీ నిండా పెన్సిల్ గీతలు! ఒక్కో వాక్యాన్ని నాలుగైదు చోట్ల నరికినట్టు నిలువు గీతలు పెట్టాడు.

సుబ్బరత్నమ్మకు ఒళ్లు మండింది.

“నా రాత దిద్దను వచ్చినావా?”

“అయ్యో, దిద్దేది కాదమ్మా. నా అనుకూలానికి...”

“నీ అనుకూలానికి నేను రాయల్లా? మీ బస్సులోనే ఎంతమంది మెచ్చుకుంటాండారో తెలుసునా?”

ఆ మాటకు ఆయన ముఖం వెలిగింది. “అవునమ్మా, వాళ్లకు చానా ఇష్టం.”

ఆ సంతోషం చూసి ఆమెకు ఇంకా కోపం వచ్చింది. “వాళ్లెవరికీ లేని నొప్పి నీకెందుకప్పా? ఇంగ రావద్దు, పో!”

మంచినీళ్లన్నా ఇవ్వకుండా తలుపు వేసేసింది.

రెండు నెలలకు నలభై రెండో పుస్తకం వచ్చింది.

పది రోజులైంది. ఫోన్ పలకలేదు.

నెలైంది. చక్రధర్ పలికాడు. “అక్కా, ఈసారి ఒక్క అభిప్రాయమూ రాలేదంట కదా. ఇంగ చాలిద్దామా?”

“పది దినాలు ఆగప్పా” అని బతిమాలింది.

పాత గొంతులే మళ్లీ మళ్లీ పెట్టుకుంది. ఎల్లక్క నవ్వు ఎన్నోసారి విన్నదో లెక్కలేదు. ఇన్నేళ్లు తోడున్న మనుషులు ఒక్కసారిగా ఇల్లు ఖాళీ చేసి పోయినట్టుంది. భయం వేసింది, ఏడుపూ వచ్చింది.

ఇదంతా ఆ ముసలోడి పనే! బస్సంతా తిరిగి నా మీద చెడ్డ చెప్పుంటాడు, అనుకుంది.

ఉండబట్టలేక, మొదటిసారి తనే ఎల్లక్కకు ఫోన్ చేసింది.

“ఎల్లక్కా, నేను కుడతిని సుబ్బరత్నమ్మని.”

“అయ్యో, అమ్మా! మీరే చేసినారా!”

“కొత్త పుస్తకం నచ్చలేదా?”

“మౌనేశ్ తెచ్చినాడమ్మా. అట్ట మీద బెల్లం బలే ఉండాది.”

“లోపల చూడలేదా? ఆ కోదండరామి నా గురించి ఏమన్నా చెప్పినాడా?”

“ఆయప్పనా? మీ ఇంటికి పోయొచ్చిన దినం, ‘అమ్మతో మాట్లాడొచ్చితిని’ అని బస్సులో అందరికీ చెప్పుకొని మురిసిపాయ. పాపం, కండ్లు ఆనడంలేదని పనిలోంచి తీసేసిరి. రూము ఖాళీ చేసి పాయ. సొంతూరు గుంతకల్లు దిక్కు అనేవాడు, యా ఊరో తెలీదు. ఫోనూ కలవడంలే.”

సుబ్బరత్నమ్మ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

“పుస్తకం మీ దగ్గరే ఉండాది కదా, ఎల్లక్కా. మీరన్నా చదవండి.”

అవతల ఎల్లక్క మెల్లగా అంది.

“తెలుగు ఇంట్లో మాట్లాడేదే గానీ మాకు చదవను యాడొస్తాదమ్మా? బస్సులో అందరం కన్నడ బడికి పోయినోళ్లమే. ఇన్నేండ్లూ మీ పుస్తకాలు సీటు పట్టుకొని నిలబడి మాకు చదివి వినిపించింది ఆయప్పేనమ్మా.”