కాంపౌండరు గారి ఉప్పునీళ్లు

"ఇంకో బొంత కప్పవే, చలి!"

"జ్వరమొచ్చినోళ్లని బొంతల్లో చుట్టొద్దని ఊరంతా తిరిగి తిట్టింది తమరే కదా డాక్టరుగారూ?" అంటూ భార్య హవాఖాన్, ఆయన మీదున్న రెండో బొంత కూడా లాగేసింది.

తుర్సునాలీ ఫర్గానా లోయలో ఆ ఊరికి ముప్పై ఏళ్లుగా కాంపౌండరు. నిన్న పెళ్లిలో మూడు పళ్లేల పలావు లాగించి, పొద్దుటి నుంచి మంచానికీ పెరటికీ మధ్య దారి అరగదీస్తున్నాడు.

"పోనీ మిరియాలేసి కాస్త వోడ్కా పొయ్యి. కడుపు కట్టేస్తుంది."

"ఆ మాటన్నందుకే మా అన్నని మొద్దన్నావు."

ఆమె లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తెచ్చింది. గుక్క పడగానే ఆయన మొహం వంకర్లు పోయింది.

"ఛీ! ఏం కలిపావే?"

"గోడకి నువ్వంటించిన కాగితం చూసే కలిపాను. ఊరందరి చేతా తాగించావు, నువ్వెప్పుడూ రుచి చూడలేదా?"

హవాఖాన్ మరో గిన్నెలో పోసి, అతిథులకి చాయ్ ఇచ్చేటప్పుడు చేసినట్టే ముందు తను తాగింది. ఆమె మొహమూ వంకర పోయింది.

"తాగొచ్చులే," అంది.

ఆయన గిన్నె అందుకుని అడుగంటా తాగాడు.

ఇంతలో గోడ అవతలి నుంచి పొరుగింటి నోదిరా కేకేసింది. "డాక్టరు మామా! పిల్లకి విరేచనాలు. మీ నీళ్లు ఉమ్మేస్తోంది!"

"ఉమ్మక ఏం చేస్తుంది, అంత దరిద్రంగా ఉంటే! దాని ఎదురుగా ముందు నువ్వు తాగు. తర్వాత చెంచా చెంచా పట్టు, తొందరేం లేదు. తిట్టకమ్మా," అన్నాడు తుర్సునాలీ.

"హవా అత్తా," అంది నోదిరా మెల్లగా, "మామకి జ్వరం తలకెక్కిందా?"